ఎవరి చేతి చిల్లర?

రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 77 ప్రాంతంలో ఒక లెక్క రాసిపెట్టాడు. భారతదేశం, చైనా, అరేబియా కలిసి తమ సామ్రాజ్యం నుంచి ఏటా 10 కోట్ల సెస్టర్టియస్‌లు పట్టుకుపోతున్నాయట. లెక్కతో ఆగలేదు. ఈ ఖర్చంతా విలాసాల వల్లా, ఆడవాళ్ల వల్లా అని తీర్పు కూడా చెప్పాడు. అంతకు యాభై ఏళ్ల ముందు, క్రీ.శ. 22లో, టైబీరియస్ చక్రవర్తి సెనేట్‌కి రాసిన ఉత్తరంలోనూ ఇదే ఫిర్యాదు ఉందంటాడు చరిత్రకారుడు టాసిటస్. ఆడవాళ్ల రత్నాల కోసం మన డబ్బు పరాయివాళ్ల పాలవుతోందని ఆ చక్రవర్తి బాధ.

ఆడదాని నగల మోజు ఇల్లు గుల్ల చేస్తుందన్న మాట మనం వినని ఇల్లుందా? ఇక్కడ ఇంటి బదులు సామ్రాజ్యం, అంతే తేడా. ప్లినీ మాటని పాఠ్యపుస్తకాలు ఈనాటికీ చెబుతూనే ఉన్నాయి. 10 కోట్ల అంకె మీద చరిత్రకారులు ఎన్నో వాదనలు చేసుకున్నారు. ఆ అంకె పక్కనే ఉన్న 'ఆడవాళ్లు' అన్న మాటని మాత్రం పెద్దగా ఎవరూ నిలదీయలేదు. నిలదీయాలంటే సాక్ష్యం కావాలి. గ్రీకు, రోమన్ నగరాల తవ్వకాల్లో బయటపడ్డ నాణేలు అలాంటి సాక్ష్యం. అయితే వాటిని ఏ ప్రశ్నతో చదువుతున్నామన్నది ముఖ్యం.

నాణేలని చాలాకాలం రాజుల వరుసలోనే చదివారు. ఎవరి బొమ్మ, ఏ బిరుదు, ఏ సంవత్సరం అని. మ్యూజియం అరల్లోనూ ఆ వరుసే. తవ్వకాల్లో దొరికిన నాణేనికి వేయాల్సిన ప్రశ్న వేరు. ఎక్కడ దొరికింది? ఏ పొరలో? పక్కన ఇంకేం ఉన్నాయి? దాచుకున్నదా, జారిపోయినదా, దేవతకి ఇచ్చినదా? దాచుకున్న నిధిలో మంచి నాణేలు ఉంటాయి, ఏరి దాచుకుంటారు కాబట్టి. నేలమీద జారిపోయినవి దాదాపు ఎప్పుడూ చిన్న కంచు నాణేలే. బంగారు నాణెం పడిపోతే దీపం పట్టుకుని వెతుకుతారు, కానీ పడిపోతే వదిలేస్తారు. అందుకే నిధి సంపద గురించి చెబితే, జారిపోయిన చిల్లర రోజువారీ బతుకు గురించి చెబుతుంది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒక పొరలో నాణెం దొరికితే ఆ పొర ఆ నాణెం ముద్రించాక ఏర్పడిందని మాత్రమే చెప్పగలం. వందేళ్లు చేతులు మారి అరిగిన తర్వాత కూడా అది అక్కడ పడి ఉండొచ్చు.

ఒక్క నాణెంతో కాక లెక్కలతో చదివే పద్ధతి తర్వాత బలపడింది. బ్రిటన్‌లోని 140 రోమన్ స్థలాల నాణేలని రిచర్డ్ రీస్ 1991లో కాలాల వారీగా విడదీసి, ప్రతి వెయ్యి నాణేలకి ఏ కాలానివి ఎన్ని అని పోల్చి చూపించాడు. అప్పుడు ఊరికీ ఊరికీ, కోటకీ పల్లెకీ తేడా కనిపించింది. అయితే ఇలాంటి లెక్కలకి ఆధారం మట్టి పట్టి, తుప్పెక్కి, అక్షరం కనపడని వేలాది కంచు బిళ్లలు. వాటిని ఒక్కొక్కటే గుర్తుపట్టి జాబితా రాయడం పేరు రాని పని. ఆ పని చేసినవాళ్లలో స్త్రీలున్నారు. కొరింత్‌లో 1896 నుంచి 1929 వరకు దొరికిన నాణేల జాబితాని 1933లో ప్రచురించింది క్యాథరిన్ ఎడ్వర్డ్స్. ఏథెన్స్ అగోరా, అంటే ఆ నగరపు సంత చౌక్, అక్కడ దొరికిన రోమన్ కాలపు, ఆ తర్వాతి నాణేల సంపుటం 1954లో తెచ్చింది మార్గరెట్ థాంప్సన్. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలన్నిటినీ ఒకచోట చేర్చి 1989లో పుస్తకం వేసింది పౌలా టర్నర్. ఈ జాబితాలు లేకపోతే ఇప్పుడు మనం వేసే ప్రశ్నలకి కాలూనే చోటే ఉండదు.

ఏథెన్స్ సంగతే చూద్దాం. ఆ నగరం వెండి నాణెం మీద ఒకవైపు ఎథీనా దేవత, రెండోవైపు ఆమె గుడ్లగూబ. మధ్యధరా సముద్రం చుట్టూ చెల్లిన నాణెం అది. ఆ దేవతని నాణెం మీద పెట్టుకున్న నగరంలో స్త్రీ ఒక మెడిమ్నస్ బార్లీ, అంటే సుమారు 52 లీటర్ల గింజల విలువ దాటి ఏ ఒప్పందమూ చేసుకోవడానికి చట్టం ఒప్పుకోలేదు. అంటే పెద్ద వెండి ఆమె చేతిది కాదు, చిన్న వెండే ఆమెది. ద్రాక్మాలో ఆరో వంతు ఓబోల్. అది ఒక గ్రాము కూడా తూగదు. వేలి కొసన పట్టుకోవడమే కష్టమైన ఈ నాణేలని మగవాళ్లు నోట్లో పెట్టుకుని తిరిగేవారు. క్రీ.పూ. 422 నాటి అరిస్టోఫనీస్ హాస్యనాటకం 'కందిరీగలు'లో ఒక ముసలాయన కోర్టులో కూర్చుని సంపాదించిన మూడు ఓబోల్‌లతో ఇంటికొస్తాడు. కూతురు కాళ్లు కడిగి, నాన్నా నాన్నా అని ముద్దుచేస్తూ, ఆయన నోట్లోంచి ఆ చిల్లర నాలుకతో లాగేసుకుంటుంది. అదే నాటకంలో రొట్టెలమ్మే స్త్రీ తన పాడైన సరుకు విలువ పది ఓబోల్‌లని లెక్కచెప్పి పోట్లాడుతుంది. ప్రేక్షకులు నవ్వి ఉంటారు. మనకి మాత్రం చిల్లర ఎవరి దగ్గర పుట్టి, ఎలాంటి ఉపాయాలతో ఎవరి చేతికి చేరేదో అక్కడ కనిపిస్తుంది.

క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద మిగిలిపోయిన పాంపేలో ఈ కథ ఇంకా దగ్గరగా వినిపిస్తుంది. అక్కడ ఒక తినుబండారాల అంగడిలో, అరుగులో పాతిన మట్టి జాడీలో వెయ్యికి పైగా చిన్న నాణేలు దొరికాయి. ఎక్కువభాగం ఆస్‌లో నాలుగో వంతు విలువచేసే బిళ్లలు. వాటి కొనుగోలు శక్తి నాణెం మీద రాసి ఉండదు, గోడలమీద రాసి ఉంది. ఒక ఇంటి గోడమీది సరుకుల చిట్టాలో బానిస కుర్రాడి రొట్టెకి 2 ఆస్‌లు. మరో ఇంటి వాకిలి దగ్గర యూటికిస్ అనే గ్రీకు స్త్రీ పేరు, మంచి నడవడి గలదన్న మాట, పక్కనే ధర. అదీ 2 ఆస్‌లే. అది ప్రకటనో, ఎవరైనా అవమానించడానికి గీకిందో తెలియదు. ఏదైనా సరే, ఒక రొట్టె పెట్టి కొనగలిగిన శరీరంగా ఒక స్త్రీని ఊహించడం ఆ వీధిలో మామూలు విషయం. ఆ రెండు ఆస్‌లూ ఆమె చేతిలో నిలిచాయా, యజమాని గల్లాలోకి పోయాయా? నాణెం చెప్పదు.

అదే ఊరి గోడలమీద ఫాస్టిల్లా అనే మరో పేరు ఉంది. ఆమె అప్పులిచ్చేది. ఒక చోట 15 దీనారియస్‌ల అప్పుకి 8 ఆస్‌ల వడ్డీ అని లెక్క ఉంది. ఒక దీనారియస్‌కి 16 ఆస్‌లు. ఇంకో చోట ఆమె దగ్గర చెవి కమ్మలు తాకట్టు పెట్టిన సంగతి. ఈ రాతలో నగ విలాసం కాదు, కష్టకాలంలో చిల్లరగా మారే పొదుపు. కమ్మలు తాకట్టు పెట్టి పిల్లల ఫీజులు కట్టిన తల్లుల కూతుళ్లం మనం. ప్లినీకి అర్థంకానిది మనకి అర్థమవుతుంది.

2024లో పాంపేలోనే ఒక చిన్న గదిలో ఇద్దరి అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒకరు పదిహేను ఇరవై ఏళ్ల యువకుడు. రెండో వ్యక్తి నడివయసు స్త్రీ, మంచం మీద ఉంది. ఆమె దగ్గర బంగారు, వెండి, కంచు నాణేలూ, ముత్యాల కమ్మలతో సహా కొన్ని నగలూ ఉన్నాయి. ఆ సొమ్ము ఆమెదా, ఇంటిదా, యజమాని అప్పగించిందా? చటుక్కున కథ అల్లేయడం సులువు. అలా అల్లిన కథ ఒకటి అదే ఏడాది చెదిరిపోయింది. బంగారు కడియంతో, ఒడిలో పిల్లవాడితో దొరికిన వ్యక్తిని దశాబ్దాలుగా తల్లి అనుకున్నారు. 2024 చివర్లో వెలువడ్డ డీఎన్ఏ పరీక్షల్లో ఆ వ్యక్తి పురుషుడనీ, ఆ బిడ్డకి రక్తసంబంధం లేదనీ తేలింది. నగ కనిపిస్తే స్త్రీ, బిడ్డ కనిపిస్తే తల్లి, పెద్ద డబ్బు కనిపిస్తే మగవాడు అనే అలవాటు తవ్వకాల నివేదికల్లో ఇంకా ఉంది. దాన్ని విడిచిపెట్టడమంటే కనిపించిన ప్రతి నాణేన్నీ స్త్రీకి అంటగట్టడం కాదు, మగవాడిదని ముందే అనుకోకపోవడం.

నిధుల విషయంలోనూ అంతే. పాతిన డబ్బు తిరిగి తీసుకోలేదంటే యుద్ధమో, దండయాత్రో వచ్చిందని చరిత్రకారులు రాస్తారు. నిజమే కావచ్చు. కానీ 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు మన ఇళ్లల్లో పోపుల డబ్బాల్లోంచి, బియ్యం డబ్బాల్లోంచి, చీరల మడతల్లోంచి ఎంత డబ్బు బయటికొచ్చింది! అదంతా శత్రుసైన్యానికి భయపడి దాచింది కాదు. ఇంట్లోవాళ్లకి తెలియకుండా, ఇంటి కోసమే దాచింది.

బ్రిటన్‌లోని బాత్ నగరంలో వేడినీటి బుగ్గ ఉంది. సులిస్ మినర్వా దేవత నెలవు. ఆ నీళ్లలోంచి 12 వేలకి పైగా రోమన్ నాణేలు తీశారు. వేసినవాళ్లెవరో ఏ నాణెమూ చెప్పదు. ఆ నీళ్లలోంచే సీసపు రేకులు కూడా వచ్చాయి. దొంగల్ని శిక్షించమని దేవతకి రాసుకున్న అర్జీలవి. వాటిలో ఒకటి ఆర్మీనియా అనే స్త్రీది. తన రెండు వెండి నాణేలు కాజేసినవాణ్ణి పేరుపెట్టి చెప్పి, వాడు కూర్చోకూడదు, పడుకోకూడదు, నిద్రపోకూడదు అని శపించింది. పోయింది రెండు నాణేలే. అవి ఆమెకెంతో ఆ శాపం చెబుతుంది.

ఇక బొమ్మా బొరుసూ సంగతి. నాణెం మీద స్త్రీ ముఖం ఉందని సంబరపడే ముందు అది ఎవరి చేతిలోని ముఖమో చూడాలి. క్రీ.శ. 54లో నీరో గద్దెనెక్కినప్పుడు నాణెం మీద తల్లి అగ్రిప్పినా, కొడుకు ఎదురెదురుగా ఉన్నారు. ఆ వైపు బిరుదులు ఆమెవే. 55 వచ్చేసరికి కొడుకు ముందుకొచ్చి, తల్లి ముఖం అతని వెనక్కి జరిగింది, ఆమె పేరు రెండోవైపుకి పోయింది. ఆ తర్వాత ఆమె బొమ్మే లేదు. 59లో కొడుకే ఆమెని చంపించాడు. టంకశాల ఆమెకి ఇచ్చిన చోటుని టంకశాలే తీసేసుకుంది.

టైబీరియస్ నాణేల్లో చాలా ఎక్కువగా దొరికేదాని మీద పీటం మీద కూర్చున్న స్త్రీ ఉంది. చేతుల్లో రాజదండం, కొమ్మ. చుట్టూ ఉన్న అక్షరాలు చక్రవర్తి బిరుదే, ఆమె పేరు లేదు. అతని తల్లి లివియా అంటారు కొందరు, శాంతి దేవత అంటారు కొందరు. ఆడవాళ్ల వల్ల డబ్బు దేశం దాటిపోతోందని వాపోయిన చక్రవర్తి దేశం దాటించిన డబ్బు ఈ పేరులేని స్త్రీ బొమ్మే. భారతదేశంలో దొరికిన వెండి దీనారియస్‌లలో అత్యధికం రెండే రకాలు. ఆగస్టస్ తన వారసుల బొమ్మలతో వేసినదొకటి, ఇది రెండోది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,531 దీనారియస్‌లు ఒకే నిధిగా దొరికాయి. ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేలపై పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో వేసిన పుస్తకంలో వీటి వివరాలున్నాయి.

1,531 దీనారియస్‌లంటే 6,124 సెస్టర్టియస్‌లు. ప్లినీ చెప్పిన 10 కోట్లలో పదివేల వంతు కూడా కాదు. దీంతో ఆయన అంకె తప్పని తేలదు, ఎందుకంటే వచ్చిన నాణేల్లో ఎన్నో కరిగిపోయి ఉంటాయి. తేలేది ఆయన తీర్పు సంగతి. ఆయనే మరోచోట మిరియాల ధరలు ఇచ్చాడు. పౌను నల్ల మిరియాలు 4 దీనారియస్‌లు, తెల్లవి 7, పిప్పళ్లు 15. వాటిని తిన్నది ఆడవాళ్లు మాత్రమే కాదు కదా! 1985లో ప్రచురితమైన ముజిరిస్ పత్రం ప్రకారం, కేరళ తీరం నుంచి 'హెర్మపొలాన్' అనే ఒక్క ఓడ తెచ్చిన సరుకు విలువ సుమారు 70 లక్షల సెస్టర్టియస్‌లు. ఇలాంటి సరుకు మీద సర్కారు వసూలుచేసిన సుంకం నాలుగో వంతు. ఖజానా నింపుకున్నవాళ్లు నింద ఆడవాళ్ల మెడలో వేశారు. 4 కోట్ల సెస్టర్టియస్‌ల ముత్యాలు, మరకతాలు ధరించి విందుకెళ్లిందని ప్లినీ తప్పుపట్టిన లోలియా పౌలీనా విషయంలో అసలు నిజం ఆయన వాక్యాల్లోనే ఉంది. ఆ సొమ్ము ఆమె తాత రాష్ట్రాల్ని దోచి కూడబెట్టింది.

ఈ తీరాన దిగిన నాణేల బతుకు వేరు. చాలావాటికి చక్రవర్తి ముఖమ్మీద అడ్డంగా గాటు పెట్టారు. కొన్నిటికి చిల్లు పొడిచి మెడలో వేసుకున్నారు. బంగారం అందనివాళ్ల కోసమేమో, కొండాపూర్‌లో రోమన్ నాణెం అచ్చుతో చేసిన మట్టి పతకాలు దొరికాయి. కాసులపేరు ఎరిగిన మనకి ఇందులో వింతేమీ లేదు. నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఒకటి, ఉజ్జయిని రాజు కూతురు రుద్రధరభట్టారిక ఒక రాతిస్తంభాన్నీ 170 దీనారి మాషకాలనీ బౌద్ధ మహాచైత్యానికి ఇచ్చిందని చెబుతుంది. దీనారియస్ అనే మాటే ఇక్కడ దీనారిగా స్థిరపడింది. ఆమె రాజకుమారి కాబట్టి ఆమె పేరు రాతికెక్కింది. అక్కన్‌పల్లి నిధి ఎవరిదో ఏ రాయీ చెప్పదు.

అయినా ప్లినీ లెక్కలో ఖర్చుగా మాత్రమే ఉన్న 'ఆడవాళ్లు' ఇక్కడ డబ్బు ఇచ్చేవాళ్లుగా, అప్పుపెట్టేవాళ్లుగా, తాకట్టుపెట్టేవాళ్లుగా, దొంగని శపించేవాళ్లుగా కనిపిస్తున్నారు. ఇది తెలియాలంటే నాణేన్ని గోడ రాతతో, సీసపు రేకుతో, శాసనంతో కలిపి చదవాలి. మన మ్యూజియాల్లో నాణేలు ఒక గదిలో, అదే తవ్వకంలోని పూసలు, గాజు ముక్కలు, తిరగలి రాళ్లు ఇంకో గదిలో ఉంటున్నంతకాలం అది కష్టం. ఏ నాణెం ఏ పూస పక్కన దొరికిందో చెప్పే తవ్వకాల నోటుపుస్తకాలని చదివే పరిశోధకురాళ్లు కావాలి. ఆ పని మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.