పట్టాల మీద తీగ కుదురుకున్న తీరు

కరెంటు రైలుకు మోటారు చేయడం కన్నా, పరుగెత్తే బండికి దారి పొడవునా కరెంటు అందించడమే మొదట్లో పెద్ద చిక్కయింది. 1879లో బెర్లిన్ ప్రదర్శనలో సీమెన్స్ సంస్థ నడిపిన బుల్లి రైలు, పట్టాల నడుమ వేసిన మరో పట్టా నుంచి 150 వోల్టుల కరెంటు తీసుకుంది. 1881 మేలో బెర్లిన్ శివారు లిష్టర్‌ఫెల్డెలో అదే సంస్థ రెండున్నర కిలోమీటర్ల ట్రామ్ మార్గం తెరిచింది. అక్కడ ఒక పట్టా గుండా 180 వోల్టుల కరెంటు వచ్చి రెండో పట్టా గుండా తిరిగిపోయేది. అడ్డంగా వెళ్లే గుర్రాల కాళ్లు రెండు పట్టాల మీదా పడితే షాకు తగిలేది. కరెంటును కాలికి అందని ఎత్తుకు చేర్చక తప్పదని తేలింది.

అయితే పైకెత్తింది మొదట తీగను కాదు, గొట్టాన్ని. 1883లో వియన్నా దగ్గర మోడ్లింగ్ ట్రామ్ మార్గంలో, అడుగున నిలువునా చీలిక ఉన్న రెండు లోహపు గొట్టాలను స్తంభాలకు వేలాడదీశారు. గొట్టం లోపల జారే లోహపు ముక్కను బండి తనవెంట లాక్కుపోయేది. తీగలా ఊగదన్నదే గొట్టానికున్న సుగుణం. కానీ బరువెక్కువ, దారులు చీలేచోట దాన్ని అమర్చడం కష్టం. 1895లో అమెరికాలోని బాల్టిమోర్ సొరంగ మార్గంలో ఇనుప కమ్మీలతో ఇలాంటి కాలువనే తలమీద కట్టారు. అదే దారిన తిరిగే ఆవిరి ఇంజన్ల పొగకు అది తుప్పు పట్టింది. కొన్నేళ్లకే దాన్ని తీసేసి, నేలమీద మూడో పట్టా వేశారు.

ఒంటి తీగకు ఆదరణ తెచ్చింది ట్రామ్. 1888 ఫిబ్రవరిలో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్ నడిపిన ట్రాములకు పైకప్పు మీద ఒక కర్ర, దాని కొసన గాడి ఉన్న చిన్న చక్రం ఉండేవి. స్ప్రింగు ఆ చక్రాన్ని కింది నుంచి తీగకు అదిమిపెట్టేది. కరెంటు పట్టాల గుండా తిరిగిపోయేది కాబట్టి ఒక్క తీగే సరిపోయింది. కానీ చక్రం అప్పుడప్పుడు తీగ తప్పేది. చివరి స్టాపులో కర్రను వెనక్కి తిప్పాల్సివచ్చేది. సీమెన్స్ ఇంజనీరు వాల్టర్ రైషెల్ 1880ల చివర్లో చక్రానికి బదులు తీగకు అడ్డంగా ఆనే వెడల్పాటి విల్లును తెచ్చాడు. ఇక తీగ తప్పే బెడద తగ్గింది. విల్లు ఒకేచోట అరగకుండా తీగను అటూ ఇటూ వంకరగా కట్టారు. ఆ అలవాటు నేటికీ ఉంది.

ట్రాముకు చాలిన తీగ రైలుకు చాలలేదు. రెండు స్తంభాల మధ్య తీగ దండెంలా కిందికి జారుతుంది. స్తంభాల ఎడం రెట్టింపైతే జారుడు నాలుగింతలవుతుంది. వేగంగా పోయే బండి ఆ ఎత్తుపల్లాలను అందుకోలేదు, కరెంటు తెగి నిప్పురవ్వలు లేస్తాయి. విరుగుడుగా పైన ఒక బరువు మోసే తీగను జారుడుగానే వదిలి, దానికి పొడుగూ పొట్టీ ఊచలతో, బండికి కరెంటు అందించే కాంటాక్ట్ తీగను సమంగా వేలాడదీశారు. ఇదే కేటనరీ పద్ధతి.

1907లో న్యూయార్క్, న్యూ హేవెన్ రైల్వే 11,000 వోల్టుల మార్గాన్ని ఈ పద్ధతిలోనే, 300 అడుగుల ఎడంతో కట్టింది. గాలికి ఊగకూడదని పైన రెండు ఉక్కు తాళ్లు వేసి, త్రికోణపు ఊచలతో రాగి తీగను బిగించారు. నిర్మాణం కదలలేదు, అదే దాని లోపమైంది. కింది నుంచి ఒత్తి కరెంటు తీసుకునే బండి మీది కలెక్టరుకు ఊచల మధ్య తీగ లొంగేది, ఊచ దగ్గర మొండికేసేది. ప్రతి ఊచ దగ్గరా దెబ్బ తగిలి రాగి తీగ వంగి అరిగిపోసాగింది. దాని కిందే ఒక ఉక్కు తీగను కట్టి పనిని చక్కదిద్దారు. క్లిప్పులు వేసింది ఊచల దగ్గర కాదు, రెండు ఊచల నడిమధ్యన, అంటే రాగి తీగ బాగా లొంగేచోట. రాపిడి ఉక్కుకు మారింది, కలెక్టరుకు దారి పొడవునా ఇంచుమించు ఒకే మెత్తదనం దొరికింది.

అంతకుముందే 1902లో ఇటలీలోని వాల్టెల్లీనా మార్గంలో ఇంజనీరు కాల్మాన్ కాండో 3,000 వోల్టుల త్రీఫేజ్ కరెంటుతో రైళ్లు నడిపాడు. దానికి రెండు తీగలు కావాలి, మూడో ఫేజుకు పట్టాలు. దారులు కలిసేచోట రెండు ఫేజుల తీగలు తగలకుండా చూడటం తలనొప్పిగా మారింది. అందుకే కొత్త మార్గాల్లో ఒంటి తీగదే పైచేయి అయింది.

1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ, కుర్లా మధ్య 1,500 వోల్టులతో దేశంలో తొలి కరెంటు రైలు నడిచేనాటికి మోసే తీగ, ఊచలు, కాంటాక్ట్ తీగ, దానికి ఆని కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ అనే అమరిక స్థిరపడింది. మన రైల్వే సిబ్బంది ఓహెచ్‌ఈ (ఓవర్‌హెడ్ ఎక్విప్‌మెంట్) అని పిలిచే నిర్మాణం దీని కొనసాగింపే.