నీళ్లకు అందే తెడ్డు

తెల్లారింది. చిక్కబళ్లాపురం జిల్లా హొసూరు పరిసరాల్లో ఒక చెరువుకట్ట మీద నిలబడి ఉన్నారు మీరు. ఒక పక్క సర్కారు తుమ్మ, ఇంకో పక్క మంచి వానలు పడిన ఏడాది నిండిన నీళ్లు. మన పెన్న, ఈ సీమలో ఉత్తర పినాకిని, పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని నంది కొండల్లోనే. అయినా ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. పడవ వెయ్యాలంటే చెరువే దిక్కు. లోతు తక్కువ, పరపు ఎక్కువ, పొద్దెక్కేకొద్దీ గాలి.

ఒడ్డున కయాక్ ఆగి ఉంది. ప్లాస్టిక్‌ది, పైన కూర్చునే రకం. పక్కనే మూడు తెడ్లు, ఒక్కోదానికీ రెండు కొసలా రెక్కలు. మీది ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు. తెడ్డు నిలబెట్టి భుజంతో, తలతో సరిచూసుకుని 210 సెంటీమీటర్లది తీసుకుంటారు. వలలు విప్పుకుంటున్న పెద్దాయన తలెత్తి చూస్తాడు.

"నిలబడి కొలుస్తావేమన్నా? కూర్చోని కదా ఏసేది!"

మీరు నవ్వి పడవ తోస్తారు. పది బారలు పోయారో లేదో వేళ్ల కణుపులు పడవ అంచుకు తగులుతాయి. ఇంకాస్త దూరం పెట్టబోతే రెక్క సగమే మునుగుతుంది. పూర్తిగా ముంచాలంటే పక్కకు వంగాలి, మీతోపాటు పడవా వంగుతుంది. కుడికీ ఎడమకీ వంగి వంగి నడుం పట్టేస్తుంది.

ఒడ్డుకు రండి. టేపు తీసి ముందు పడవ వెడల్పు కొలవండి: 78 సెంటీమీటర్లు. తేడా అంతా ఇక్కడే ఉంది. 58 లోపు వెడల్పున్న సన్న పడవైతే మీ ఎత్తుకు ఆ 210 చక్కగా సరిపోయేది. 60 నుంచి 70 దాకా ఉంటే 220, 70 నుంచి 80 దాకా 230, అంతకు మించితే 240 కావాలి. మీకన్నా బాగా పొడుగైనవాళ్లు పది సెంటీమీటర్లు కలుపుకోవచ్చు. ఇప్పుడు కట్ట మీద కూర్చుని పిరుదుల దగ్గర్నుంచి ముక్కు కొస దాకా కొలవండి. కాళ్లు ఎంత పొడుగైతేనేం, పడవలో అవి చాపుకునే ఉంటాయి. నీళ్లకు వంగేది నడుం పైభాగం. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం.

రెండోసారి 230 పట్టుకుని కూర్చోండి. రెక్క మొత్తం మునిగింది, కర్ర తడవలేదు. సరైన పొడవుకు గుర్తు అదే. పై చెయ్యి భుజం దాటకుండా, తెడ్డు వాలుగా వేస్తూ పోండి. ఇలాంటి చెరువుకు ఆ తీరే తగినది: రెక్క బురద తవ్వదు, గాలికి చిక్కదు. చెయ్యి భుజం పైకెత్తి, కర్ర నిటారుగా దించి వేగంగా పోయే తీరు వేరు, దానికి తెడ్డు ఇంకాస్త పొట్టిదే మేలు. సరదాకి 250ది కూడా చూడండి. రెక్క పడవకు దూరంగా పడి, వేసిన ప్రతిసారీ ముక్కు పక్కకు తిరుగుతుంది. పడవ వంకరటింకరగా పోతుంది, భుజాలు బరువెక్కుతాయి.

కనూ అనే పడవలో లెక్క మారుతుంది. దాని తెడ్డుకు ఒకటే రెక్క. నేల మీద మోకాళ్లు వేసి, పిరుదులు జానెడు కన్నా కాస్త తక్కువ ఎత్తులో ఉంచి, తెడ్డు తలకిందులుగా నిలపండి. పిడి నేలకు ఆనితే, కర్ర రెక్కను కలిసే చోటు గడ్డానికీ ముక్కుకీ నడుమ రావాలి. కొలవాల్సింది కర్రనే, రెక్క ఎటూ నీళ్లలో ఉండేదే. పందెం వాళ్లు ఒక మోకాలి మీద ఎత్తుగా నిలుస్తారు కాబట్టి వాళ్ల తెడ్డు ఇంకా పొడుగు. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం వెయ్యి మీటర్ల జంట కనూలో మనకు కాంస్యం తెచ్చింది అలా నిలిచే.

హంపి దగ్గర తుంగభద్రలో పుట్టి నడిపేవాళ్లను చూసినా ఇదే తెలుస్తుంది. గుండ్రటి పుట్టికి ముక్కు లేదు, పక్కన తెడ్డేస్తే గిరగిరా తిరుగుతుంది. అందుకే ముందుకు చాచి నీళ్లను తమవైపు లాక్కుంటారు. ఆ పనికి ఒంటి రెక్క తెడ్డే తగినది. పడవను బట్టి, కూర్చున్న తీరును బట్టి తెడ్డు. నా మటుకు నాకు ఇంతకు మించిన సూత్రం లేదు.

అంగడిలో మీ ఎత్తొక్కటే అడిగి తెడ్డు చేతికిస్తే వెంటనే డబ్బు తియ్యకండి. పడవ వెడల్పు చెప్పండి, అక్కడే నేల మీద కూర్చుని చూడండి. సొంత పడవ లేక అద్దెవాటిమీద తిరిగేవాళ్లయితే పొడవు సర్దుకోగలిగే తెడ్డు కొనుక్కోండి. ధర కాస్త ఎక్కువైనా అదే లాభం. లైఫ్ జాకెట్ తొడుక్కునే కొలతలు చూసుకోండి, ఎందుకంటే నీళ్ల మీద అది ఒంటి మీదే ఉండాలి.