దురద: నొప్పికి వేరైన ఇంద్రియానుభూతి

దురద అంటే గోకాలనిపించే ఇబ్బందికరమైన అనుభూతి. జర్మన్ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ 1660లో ఇచ్చిన ఈ నిర్వచనాన్నే వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. అయితే దురదకు సొంత నాడీమార్గం ఉందా, లేక అది పలచబడ్డ నొప్పేనా అన్నది చాలాకాలం తేలలేదు. నొప్పిని మోసే తంతువులే బలహీనంగా స్పందిస్తే దురద పుడుతుందని మాక్స్ ఫాన్ ఫ్రే 1922లో వాదించాడు. ఆ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. స్పర్శ వార్తలు కొవ్వుతొడుగు ఉన్న లావుపాటి తంతువుల్లో సెకనుకు పదుల మీటర్ల వేగంతో పరుగెత్తుతాయి. దురద, మండుతున్నట్టుండే నొప్పి మాత్రం తొడుగులేని సన్నని సి-తంతువుల్లో సెకనుకు మీటరు అటూఇటుగా నడుస్తాయి. వెన్నుపాములో ఒక పక్కనున్న నొప్పి దారిని శస్త్రచికిత్సతో కోసేస్తే దురద కూడా పోతుంది. పుట్టుకతోనే నొప్పి తెలియని కొందరికి దురదా తెలియదు.

అయినా దారి ఒకటైనంత మాత్రాన ప్రయాణికులు ఒకరే కానక్కరలేదు. నొప్పి పుడితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం; దురద పుడితే చేతిని అక్కడికే తీసుకువెళ్తాం. ఎముక, కండరం, పేగు నొప్పి పెడతాయి గాని దురదపెట్టవు. చర్మానికీ, కన్ను, ముక్కు వంటి చోట్ల దాన్ని ఆనుకున్న పొరలకే ఆ గుణం ఉంది. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం మార్ఫిన్. అది నొప్పిని అణచి, దురదను పుట్టిస్తుంది. వెన్నులోకి ఎక్కిస్తే మరీనూ. దురద చిన్న నొప్పే అయితే ఈ రెండూ కలిసే తగ్గాలి. 1997లో మార్టిన్ ష్మెల్జ్ బృందం మనుషుల నాడుల్లోనే కొలిచి, తాకినా నొక్కినా పలకక, దురద పుట్టించే రసాయనమైన హిస్టమిన్‌కు మాత్రం దురద సాగినంతసేపూ స్పందించే సి-తంతువులను చూపింది.

ఇక్కడ దూలగొండి అడ్డం వస్తుంది. ఆ తీగ కాయల మీది నూగు ఒంటికి తగిలితే పుట్టే దురదను మన పల్లెల్లో ఎవరికీ వర్ణించి చెప్పనక్కరలేదు. దానికి కారణం హిస్టమిన్ కాదు, నూగులో ఉండే, ప్రోటీన్లను తెంచే మ్యూకునైన్ అనే ఎంజైము. పైగా అది కదిలించే తంతువులు గిల్లినా, వేడి తగిలినా పలుకుతాయి. మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌కు కూడా చాలా దురద తంతువులు స్పందిస్తాయి. ఇన్నింటికి పలికే తంతువును దురదకే ప్రత్యేకమని ఎలా అనగలం? ఈ ఆక్షేపణకు తగిన జవాబు ఎలుకల నుంచి వచ్చింది. క్యాప్సైసిన్‌ను పసిగట్టే గ్రాహకం దురదకు సంబంధించిన ఒకే రకం నాడీకణాల్లో మాత్రమే ఉండేలా షిన్‌జాంగ్ డాంగ్ బృందం ఎలుకలను తయారుచేసింది. వాటి చెంపలో క్యాప్సైసిన్ ఎక్కిస్తే అవి నొప్పికి చేసినట్టు ముందుకాలితో తుడుచుకోలేదు, వెనుక కాలితో గోక్కున్నాయి. 2013లో వెలువడిన ఈ ఫలితం నా దృష్టిలో వాదాన్ని చాలావరకు తేల్చింది: తంతువును ఏది తట్టిలేపిందన్నది కాదు, అది ఎవరికి కబురందిస్తుందన్నదే అనుభూతిని నిర్ణయిస్తుంది. ఆ కబురు అందుకునే కణాల సంగతి అంతకుముందే కొంత తెలుసు. వెన్నుపాములో జీఆర్‌పీ అనే పెప్టైడును అందుకునే గ్రాహకం ఉన్న కణాలను నిర్మూలిస్తే ఎలుకల్లో దురద దాదాపు పోయి, నొప్పి చెక్కుచెదరలేదని 2009లో జౌ-ఫెంగ్ చెన్ బృందం చూపింది.

మరి మామూలుగా మిరప మంటే ఎందుకు పుట్టిస్తుంది? నొప్పి తంతువులు కూడా అప్పుడే మేల్కొని, వెన్నుపాములోని నిరోధక కణాల ద్వారా దురద నోరు నొక్కేస్తాయి. గోకితే హాయి కలగడానికీ ఇదే ముఖ్య కారణం: గోకడమంటే మనకు మనం చేసుకునే చిన్న నొప్పి. దురదను నొప్పికి తోకగా చూడటం వల్ల రోగులకు నష్టం జరుగుతుంది. డయాలసిస్ మీదున్నవారిని రాత్రుళ్లు నిద్రపోనివ్వని దురదకు హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలు చాలామందిలో పెద్దగా పనిచేయవు. దాని మూలం వేరు. 2021లో అమెరికాలో వీరి కోసం అనుమతి పొందిన డిఫెలికెఫాలిన్, మార్ఫిన్ పట్టుకునే మ్యూ గ్రాహకాన్ని వదిలి, దురదను తగ్గించే కప్పా గ్రాహకాన్ని పట్టుకుంటుంది.