పాత బైక్‌ను ఇంట్లో బాగుచేస్తున్నారా? స్పానర్ పట్టే ముందు ఆర్‌సీ చూడండి

నాన్న నడిపిన యెజ్డీ, తాత కొన్న రాజ్‌దూత్, మూలన పడిన ఆర్‌ఎక్స్ 100. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇలాంటి బండ్లను మళ్లీ రోడ్డెక్కించాలని చాలామంది చూస్తుంటారు. ఇంజిన్‌కు, పెయింటింగ్‌కు వేలల్లో ఖర్చుపెట్టాక కాగితాలు సరిగా లేవని తేలితే బండి ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే పని కాగితాలతో మొదలుపెట్టాలి.

బండి ఎవరి పేరు మీద ఉంది?

ముందుగా ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. పుస్తకం రూపంలోని పాత ఆర్‌సీ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే అక్కడ కనిపించవు. అప్పుడు అసలు ఆర్‌సీతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లాలి.

తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కాబట్టి ఇక్కడి పాత బండ్లలో ఎక్కువ వాటికి ఉమ్మడి చిత్తూరు జిల్లా కోడ్ ఏపీ 03, సూళ్లూరుపేట వైపు బండ్లకు నెల్లూరు కోడ్ ఏపీ 26 ఉంటాయి. జిల్లా మారినా పాత నంబరు చెల్లుతుంది.

* కొన్న బండి అయితే: ఫారం 29, 30 మీద ఆర్‌సీలో ఉన్న యజమాని సంతకం కావాలి. అమ్మే వ్యక్తి, ఆర్‌సీలోని వ్యక్తి వేర్వేరు అయితే డబ్బు ఇవ్వకండి.
* యజమాని చనిపోతే: వారసులు ఫారం 31తో దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ ఆధారం జత చేయాలి.
* ఆర్‌సీ పోతే: పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫారం 26తో డూప్లికేట్ తీసుకోవాలి.
* వేలూరు (టీఎన్ 23), కోలారు (కేఏ 07) వంటి చోట్ల నుంచి తెస్తే: అక్కడి కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ తప్పనిసరి. ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఏపీ నంబరు తీసుకోవాలి.

గడువు దాటితే ఎంత కట్టాలి?

సొంత వాడకం బైక్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు ముగిసే ముందు 60 రోజుల్లో దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము రూ.1,000. 20 ఏళ్లు దాటిన బైక్‌లకు 2025 ఆగస్టులో దీన్ని రూ.2,000 చేశారు. హరిత పన్ను అదనం.

అసలు భారం ఆలస్య రుసుమే. కేంద్ర నిబంధనల ప్రకారం బైక్‌కు నెలకు రూ.300. మూడేళ్లు ఆలస్యమైతే రూ.10,800 అవుతుంది. బండికి పెట్టే ఖర్చులో దీన్ని ముందే లెక్క వేసుకోండి.

రెన్యువల్‌కు బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు, అంటే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారికి చూపించాలి. లైట్లు, బ్రేకులు, హారన్ పనిచేయాలి. గడువు తీరిన బండిని నడుపుకుంటూ వెళ్లకుండా మినీ వ్యాన్‌లో తీసుకెళ్లడం మేలు.

పని చేసేటప్పుడు ఏం మార్చకూడదు?

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. తుప్పు గీకే ముందు రెండింటినీ ఫొటో తీసి, పెన్సిల్ ప్రింట్ తీసుకోండి. ఆ భాగంపై గ్రైండర్ పెట్టొద్దు, పుట్టీ పూయొద్దు. బోరు వేయించినా, పిస్టన్ మార్చినా ఇంజిన్ నంబరు మారదు. అది ఉండే క్రాంక్‌కేస్ మార్చాల్సి వస్తే, లేదా వేరే ఇంజిన్ పెట్టాలంటే ముందే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించాలి. బండి రంగు మార్చినా ఆర్‌సీలో నమోదు చేయించుకోండి.

వింటేజ్ నంబరు ఎవరికి?

2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండ్లకే ఈ అవకాశం. ఛాసిస్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రుసుము రూ.20,000, చెల్లుబాటు పదేళ్లు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. అయితే ఆ బండిని రోజూ తిప్పడం కుదరదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల వంటి పనులకే అనుమతి. 1985లో మార్కెట్లోకి వచ్చిన ఆర్‌ఎక్స్ 100కు 2035 దాకా ఈ అర్హత రాదు. రోజూ నడపాలనుకుంటే మామూలు రెన్యువలే దారి.

రోడ్డెక్కే ముందు

రెన్యువల్ అయిన ఆర్‌సీ, కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ మూడూ చేతిలో ఉండాలి. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే తొలిసారి జరిమానా రూ.2,000. ప్రమాదం జరిగితే ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారం మీ మీదే పడుతుంది. యజమాని పేరు తేలి, కట్టాల్సిన మొత్తం తెలిశాకే మెకానిక్‌కు అడ్వాన్స్ ఇవ్వండి.