ఇరవై నాలుగు కుర్చీలు

1947 వసంతం. బెర్లిన్. బాంబులకు సగం నేలమట్టమైన ఆ నగరంలో ఒక ఆఫీసు గదిలోకి రండి. బల్ల నిండా ఫైళ్ల దొంతరలు. వాటి వెనక ఐదడుగుల పైన రెండంగుళాలు కూడా ఉంటాడో లేదో అనిపించే ఒక కుర్రాడు. పేరు బెంజమిన్ ఫెరెంజ్. అందరికీ బెన్. ఈ మార్చికి 27 నిండాయి. హార్వర్డ్‌లో లా చదివాడు. కోర్టులో నిలబడి ఇంతవరకు ఒక్క కేసూ వాదించలేదు.

అతని భుజం మీదుగా చూడండి. ఒక చేత్తో కాగితం తిప్పుతున్నాడు, రెండో చేత్తో చిన్న యాడింగ్ మెషిన్ మీద అంకె నొక్కుతున్నాడు. కాగితం పైన జర్మన్‌లో 'రహస్యం' అన్న మాట. దాని కింద తేదీ, ఊరి పేరు, ఒక సంఖ్య. తాలూకా ఆఫీసు నుంచి జిల్లాకు వెళ్లే వానల లెక్కంత పొందికగా టైపు చేసి ఉన్నాయి.

ఆ లెక్క మనుషులది. 1941లో జర్మన్ సైన్యం సోవియట్ యూనియన్ మీద పడ్డప్పుడు, దాని వెనకే ఐన్‌జాట్స్‌గ్రుప్పెన్ అనే ప్రత్యేక దళాలు బయల్దేరాయి. యూదులను, రోమా కుటుంబాలను, కమ్యూనిస్టు అధికారులను ఊరి బయటికి నడిపించి, గోతుల అంచున నిలబెట్టి కాల్చాయి. ఎప్పటికప్పుడు బెర్లిన్‌కు లెక్క పంపాయి. ఇదిగో 101వ నివేదిక. కీవ్ నగరం, 1941 సెప్టెంబర్ 29, 30 తేదీలు. 33,771. బాబీ యార్ లోయలో రెండు రోజుల పని అది.

మెషిన్ టకటకమంటూనే ఉంది. మొత్తం 10 లక్షలు దాటింది. బెన్ చెయ్యి ఆగిపోయింది. ఇక కూడలేదు.

ఈ కుర్రాడికి శవాలు కొత్త కాదు. రెండేళ్ల క్రితం, అమెరికన్ సైన్యంలో యుద్ధ నేరాల దర్యాప్తు చేస్తూ బుచెన్‌వాల్డ్, మౌట్‌హౌజెన్ శిబిరాల్లోకి నడిచినవాడు. బొగ్గు పేర్చినట్టు పేర్చిన దేహాలను చూసినవాడు. అయినా అక్కడ అతను ముందుగా వెతికింది రికార్డు గదిని. ఒక శిబిరంలో గుమాస్తా పని చేసిన ఖైదీ, నాశనం చేయమని ఇచ్చిన నాజీ ఎస్‌ఎస్ దళం గార్డుల గుర్తింపు కార్డులను నాశనం చేయలేదు. పెట్టెలో పెట్టి కంచె దగ్గర పాతిపెట్టాడు. పట్టుబడితే ప్రాణం పోయేది. ఎప్పటికైనా లెక్క అడిగేవాడు ఒకడు వస్తాడని నమ్మాడు. బెన్ రాగానే ఆ పెట్టె తవ్వి అతని చేతుల్లో పెట్టాడు. మానవ హక్కుల న్యాయవాది పనికి మొదటి పాఠం ఆ రోజే దొరికింది: ఏడుపు తర్వాత, ముందు కాగితం.

ఇప్పుడు అతని వెంట విమానమెక్కి, నాజీల యుద్ధ నేరాల విచారణలు నడుస్తున్న నూరెంబర్గ్ రండి. ప్రధాన ప్రాసిక్యూటర్ జనరల్ టెల్ఫర్డ్ టేలర్ గదిలో బెన్ నిలబడి ఉన్నాడు. టేలర్‌కు విషయం అర్థమైంది. కానీ ఉన్న మనుషులంతా వేరే కేసుల్లో మునిగిపోయారు, కొత్త కేసుకు డబ్బు లేదు. ఇంతటి హత్యాకాండను వదిలేయడమేమిటని బెన్ వాదిస్తున్నాడు. ఎవరూ లేకపోతే నేనే చేస్తానంటున్నాడు. ఉన్న పనికి తోడు ఇదీ మొయ్యగలవా అని టేలర్ అడిగాడు. మోస్తానన్నాడు. అయితే నీదే అన్నాడు టేలర్.

పని మొదలుపెట్టగానే అడ్డం వచ్చింది ఒక చిన్న, మొండి అంకె. ఆ దళాల్లో పనిచేసినవాళ్లు దాదాపు 3,000 మంది. నూరెంబర్గ్ కోర్టు బోనులో కుర్చీలు 24.

బెన్ పక్కన కూర్చుని ఆ జాబితా చూడండి. ఎవరిని పిలవాలి? ఎవరిని వదలాలి? పట్టుబడి చేతిలో ఉన్నవాళ్లలోంచి హోదా పెద్దదైనవాళ్లను, చదువు ఎక్కువైనవాళ్లను ఏరుతున్నాడు. లాయర్లు, డాక్టరేట్లు ఉన్నవాళ్లు, ఒక ఆర్కిటెక్టు, ఒక ఒపేరా గాయకుడు, ఒకప్పటి చర్చి పాస్టరు. మిగిలిన వేలమంది ఇళ్లకు వెళ్లిపోతారు. పాలు కొనుక్కుంటారు, పిల్లల్ని బడికి పంపుతారు. బెన్‌కు అది తెలుసు. ఆ 24 పేర్లు టైపు చేయిస్తున్నప్పుడు కూడా తెలుసు.

1947 సెప్టెంబర్ 29. నూరెంబర్గ్ న్యాయభవనం, 600వ నంబరు గది. బాబీ యార్‌లో కాల్పులు మొదలై సరిగ్గా ఆరేళ్లు. గోడలకు నల్లటి చెక్క పలకలు, తల మీద ట్యూబ్‌లైట్ల తెల్లటి వెలుతురు. హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకోండి. ఇంగ్లిష్ మాట జర్మన్‌గా, జర్మన్ మాట ఇంగ్లిష్‌గా వెంటవెంటనే వినిపిస్తుంది. బోనులో రెండు వరుసల్లో ముద్దాయిలు. అందరూ ఇప్పటికే ఒకే మాట చెప్పారు: నేను నిర్దోషిని.

బెన్ లేచాడు. ప్రసంగ వేదిక వెనక అతని తల, భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. గొంతు పెంచడం లేదు. మేం ప్రతీకారం కోసం రాలేదంటున్నాడు. ఏ జాతిలో పుట్టినా, ఏ మతాన్ని నమ్మినా, మనిషికి ప్రశాంతంగా, గౌరవంగా బతికే హక్కు ఉందని చట్టం నోటితో చెప్పించడానికి వచ్చామంటున్నాడు. ఆ ప్రసంగంలోనే 'జెనోసైడ్' అన్న మాట వాడాడు. రఫాయెల్ లెమ్కిన్ అనే పోలిష్ యూదు న్యాయవాది పుట్టించిన మాట అది. కుటుంబాన్ని దాదాపు పూర్తిగా పోగొట్టుకుని, కనిపించిన ప్రతివాడినీ ఆపి, జాతి నిర్మూలన నేరమని రాయండని బతిమాలుతూ ఇదే భవనం వరండాల్లో తిరిగాడాయన. బెన్‌నూ అలాగే ఆపాడు. ఇవాళ బెన్ ఆ మాటను కోర్టు రికార్డులోకి ఎక్కించాడు. ఐక్యరాజ్యసమితి దానిని నేరంగా ఒప్పుకునే ఒడంబడిక రావడానికి ఇంకా పద్నాలుగు నెలలు పడుతుంది.

సాక్షులు వస్తారని గుమ్మం వైపు చూడకండి. ఒక్కరూ రారు. సాక్షి జ్ఞాపకాన్ని వకీలు ముక్కలు చేయగలడు. ముద్దాయి సొంత ఆఫీసు టైపు చేసి పంపిన నివేదికను ఏం చేయగలడు? కాగితం తర్వాత కాగితం చదివి, రెండు రోజుల్లో బెన్ తన వాదన ముగించాడు. ముద్దాయిల వాదనలకు నెలలు పట్టింది.

ఆ నెలల్లో ఒక రోజు ఓటో ఓలెన్‌డార్ఫ్‌ను వినండి. ఆర్థికవేత్త, ఐదుగురు పిల్లల తండ్రి. తన దళం 90,000 మందిని చంపిందని మునుపటి విచారణలో తానే చెప్పినవాడు. పిల్లల్ని ఎందుకు చంపారని అడిగారు. తల్లిదండ్రులను చంపింది మనమని తెలిసి పెరిగే పిల్లలు రేపు జర్మనీకి ప్రమాదమే కదా అన్నాడు. గొంతులో తడబాటు లేదు. ఈ రంగంలో అడుగుపెట్టేవాళ్లు ఒక రోజు ఎదుర్కోవలసింది ఇదే. పళ్లు కొరికే రాక్షసుడు కాదు. తర్కం చెప్పే చదువుకున్న మనిషి.

1948 ఏప్రిల్ 10. బోను వెనక గోడలో తలుపు జరిగింది. కింది నుంచి లిఫ్టులో ఒక్కొక్కరిగా పైకి తెస్తున్నారు. ముద్దాయి ముందుకొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. న్యాయమూర్తి మైకేల్ ముస్మానో శిక్ష చదువుతాడు. తలుపు మూసుకుంటుంది. లిఫ్టు కిందికి దిగుతుంది. మళ్లీ తెరుచుకుంటుంది. విచారణకు ముందే ఒకడు ప్రాణం తీసుకున్నాడు, జబ్బు వల్ల ఇంకొకడిని తప్పించారు. మిగిలిన 22 మందీ దోషులే. 14 మందికి ఉరి. బెన్ ఉరి అడగలేదు. పది లక్షల ప్రాణాలకు ఇరవై రెండు తలలు ఏ తక్కెడలోనూ తూగవని అతనికి తెలుసు. 'ఉరి' అన్న మాట పడ్డ ప్రతిసారీ అతని తలలో సుత్తి దెబ్బ పడుతోంది.

తర్వాత బెన్ కింది సెల్‌కు వెళ్లాడు, ఓలెన్‌డార్ఫ్ దగ్గరికి. భార్యకో పిల్లలకో ఏమైనా చెప్పాలా, చిన్న సాయమేదైనా కావాలా అని అడిగాడు. ఓలెన్‌డార్ఫ్ పశ్చాత్తాపపడలేదు. అమెరికాలోని యూదులు దీనికి అనుభవిస్తారని మాత్రం అన్నాడు. బెన్ సెలవని చెప్పి బయటికి వచ్చేశాడు.

ఆ 14 మందిలో నలుగురిని 1951లో ఉరితీశారు. మిగతావాళ్లలో దాదాపు అందరి శిక్షలూ తగ్గాయి. 1958 నాటికి ఈ కేసు ఖైదీ ఒక్కడూ జైల్లో లేడు.

ఇక్కడ చాలామంది ఓడిపోయామని ఇంటికి వెళ్తారు. బెన్ 1956 దాకా జర్మనీలోనే ఉండి, బతికి బయటపడ్డవాళ్లకు ఇళ్లు, ఆస్తులు, పరిహారం ఇప్పించే పని చేశాడు. న్యూయార్క్ తిరిగొచ్చి టేలర్‌తో కలిసి వకాలత్ సాగించాడు. వియత్నాం యుద్ధం నడుస్తుండగా దానిని తగ్గించుకుని, గ్రంథాలయాల్లో కూర్చున్నాడు. దురాక్రమణ అంటే ఏమిటి, దానికి దేశాధినేతను ఎలా నిలదీయాలి, ఆ కోర్టును ఎవరు నడపాలి అని పుస్తకాలు రాశాడు. ఐక్యరాజ్యసమితి వరండాల్లో దౌత్యవేత్తలను ఆపి మాట్లాడాడు. ఒకప్పుడు లెమ్కిన్ తనను ఆపినట్టే. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు.

1998 జులై 17న రోమ్‌లో ఓటింగు. శాశ్వత అంతర్జాతీయ నేర న్యాయస్థానం కావాలని 120 దేశాలు, వద్దని 7. బెన్ సొంత దేశం అమెరికా వద్దన్న వైపు. మన భారతదేశం ఎటూ చెప్పని 21 దేశాల్లో ఒకటి. మనం ఈనాటికీ అందులో చేరలేదు.

2011 ఆగస్టు 25. హేగ్. ఆ న్యాయస్థానంలో మొదటి కేసు చివరి వాదనలకు చేరింది. ముద్దాయి కాంగోకు చెందిన థామస్ లుబంగా. పదిహేనేళ్లు నిండని పిల్లల చేతికి తుపాకీ ఇచ్చి యుద్ధంలోకి దింపాడని ఆరోపణ. ప్రాసిక్యూషన్ బల్ల దగ్గర నల్లగౌనులో ఒక వృద్ధుడు. 91 ఏళ్లు. మాట అదే. ఎవరి పిల్లలైనా పిల్లలే, చట్టం కాపాడాలి అంటున్నారాయన.

ఆయన చూస్తున్న వైపు మీరూ చూడండి. ఇంత ప్రపంచంలో, ఇన్ని యుద్ధాల్లో, ముద్దాయి కుర్చీలో ఇవాళ ఉన్నది ఒక్కడు. నూరెంబర్గ్‌లో కనీసం 24 కుర్చీలున్నాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ కుర్చీలు యుద్ధం గెలిచినవాళ్లు ఓడినవాళ్ల కోసం వేసినవి. కేసులు అయ్యాక తీసేశారు. ఈ కుర్చీ ఏ యుద్ధమూ గెలిచి వేసింది కాదు. దేశాలు కూర్చుని, కామా దగ్గర, సెమికోలన్ దగ్గర ఏళ్లు పోట్లాడి, సంతకాలు చేసి వేసుకున్నది. దీన్ని ఇక్కడికి చేర్చడానికి ఈ మనిషికి అరవై ఏళ్లు పట్టింది. 2012 మార్చిలో లుబంగా దోషి అని తీర్పు వచ్చింది. ఆ కోర్టు ఇచ్చిన మొదటి తీర్పు. 2023 ఏప్రిల్‌లో బెన్ కన్నుమూశారు. 103 ఏళ్లు.

మళ్లీ 2011లోని ఆ గది. వాదనలు ముగిశాయి. వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరగండి. ముద్దాయిని తీసుకెళ్లారు. గది ఖాళీ. కుర్చీ అక్కడే ఉంది.