తూకానికి వెళ్లని రేడియోలు

హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ చరిత్ర అనగానే అందరూ 1967లో పుట్టిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ దగ్గర మొదలుపెడతారు. పాతబస్తీ వాళ్లం ఇంకా వెనక్కి, నిజాం కాలపు దక్కన్ రేడియో దాకా వెళ్తాం. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి చేతికి వెళ్లేదాకా ఆ స్టేషన్ ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలూ వినిపించింది. ఊళ్లోకి రేడియోలు వచ్చాక, వాటిని విప్పి బాగుచేసే మెకానిక్కులూ తయారయ్యారు. ఛత్తాబజార్‌లో 1948లో తెరిచిన మహబూబ్ రేడియో సర్వీస్ ఆ తరానిదే. మర్ఫీ, ఫిలిప్స్ వంటి వాల్వు సెట్లను అక్కడ బాగుచేసేవారు.

ట్రాన్సిస్టర్లు చవకయ్యాక చెక్కపెట్టె రేడియోలు అటకెక్కాయి. అక్కణ్నుంచి కబాడీ బండెక్కాయి. కబాడీవాలా చూసేది ట్రాన్స్‌ఫార్మర్‌లోని రాగిని. తీగ తీసి తూకానికి వేస్తే ఆ సెట్టు కథ ముగిసినట్టే. మెకానిక్కు లెక్క వేరు. ఒకదాని వాల్వు, ఇంకోదాని స్పీకరు, మరోదాని డయల్ గాజు కలిపి ఒక సెట్టును పాడిస్తాడు. అందుకే పురానాపూల్ దగ్గరి జుమ్మెరాత్ బజార్‌కు గురువారం, ఎర్రగడ్డ బజారుకు ఆదివారం వెళ్లి పాత సామాన్లు గాలిస్తాడు. కొత్త కండెన్సర్లు, రెసిస్టర్లు కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. లోపలి సరుకంతా పోయిన పెట్టెలో చిన్న ఆంప్లిఫయర్, బ్లూటూత్ బోర్డు బిగించుకునేవాళ్లూ ఉన్నారు. అసలు సెట్టు బాగయ్యే అవకాశం ఉంటే మాత్రం ఆ పని చేయకూడదు.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చాక ఇంటింటికీ చేరిన బ్లాక్ అండ్ వైట్ టీవీలకు ఈపాటి అదృష్టం కూడా దక్కలేదు. పిక్చర్ ట్యూబు పోతే పాతదాన్ని బతికించడం కష్టం. దాని గాజులో సీసం ఉంటుంది కాబట్టి పగలగొట్టి చెత్తకుప్పలో పారేయడమూ తప్పే.

ఈసీఐఎల్ చరిత్ర కాగితాల్లో భద్రంగా ఉంటుంది. మెకానిక్కుల చరిత్ర వాళ్లు బాగుచేసిన సెట్లలోనే ఉంది. మీ ఇంట్లో వాల్వు రేడియో ఉంటే తూకానికి వేయకండి. పాడుతుందేమో చూద్దామని నేరుగా ప్లగ్గూ పెట్టకండి. ఏళ్ల తరబడి పడి ఉన్న కండెన్సర్లు లీకై ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తాయి. తెలిసిన మెకానిక్కు అయితే కండెన్సర్లు మార్చి, మొదటిసారి సీరీస్ బల్బు మీద కరెంటిస్తాడు. ముందు ఆయనకు చూపించండి.