బందరు చరిత్రలో నవంబరు: స్మరణకు వచ్చిన తేదీలు, రానివి

ప్రాంతీయ చరిత్రను తేదీల వరుసలో చూసే పద్ధతికి ఒక సౌలభ్యమూ ఒక ప్రమాదమూ ఉన్నాయి. ఏ రోజు ఏమి జరిగిందో అది చెబుతుంది. కానీ కాగితం మీదికి ఎక్కిన రోజులనే అది లెక్కిస్తుంది. కృష్ణా డెల్టా దిగువ భాగానికి సంబంధించి నవంబరు మాసం ఇందుకు మంచి ఉదాహరణ.

నవంబరు 1 అనగానే తెలుగువారికి 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ గుర్తుకు వస్తుంది. అదే తేదీన 1864లో మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తిన సంగతి ఊరి బయట తెలిసినవారు తక్కువ. సుమారు 13 అడుగుల ఎత్తున లేచిన సముద్రం లోతట్టుకు కొన్నిచోట్ల 17 మైళ్ల దాకా చొచ్చుకువచ్చింది. మృతులు 30,000 వరకు ఉంటారని అంచనా. అంతకు నెలలోపే, అక్టోబరు 5న, కలకత్తా తుపాను సంభవించింది. మరుసటి సంవత్సరం అక్కడి రేవులో హెచ్చరికల ఏర్పాటుకు దారితీసింది ఆ తుపానే. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడడం వెనుక కూడా దాని జ్ఞాపకముంది. బందరు శవాలకు అంతటి పరిపాలనా ఫలితం దక్కలేదు. రాజధానికి దగ్గరగా జరిగిన విపత్తే విధానమవుతుందనడానికి ఈ రెండు తుపానులను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

తీరం పల్లంగా, సముద్రం లోతులేకుండా ఉండడం ఉప్పెనకు అనుకూలిస్తుంది. గాలి తోసిన నీటికి అడుగున దిగే చోటు ఉండదు కనుక అది పైకి లేచి నేల మీదికి పారుతుంది. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినదీ ఇదే. కోడూరు, నాగాయలంక మండలాల పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది పేర్లు నేటికీ ఆ రాత్రితోనే ముడిపడి వినబడతాయి. అధికారిక లెక్క పదివేలకు అటూ ఇటూగా ఉండగా, స్థానికుల లెక్క అంతకు మించినది. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ, పునరావాస కార్యక్రమాలలో ముందు నిలిచారు. తుపాను ఆశ్రయ భవనాలు తీరమంతటా వెలసినది ఆ తరువాతనే.

మిగిలిన నవంబరు తేదీలను త్వరగా దాటవచ్చు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి నుండి పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల విషయమై నిజాం అలీతో కంపెనీ ఒప్పందం చేసుకున్నది 1766 నవంబరు 12న. భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు బందరులో వ్యాపారం మొదలుపెట్టినది 1923 నవంబరు 28న; 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

ఈ వరుసలో గుడివాడ కనబడదు. అక్కడి బౌద్ధ దిబ్బకు రోజు గాని, సంవత్సరం గాని లేదు. దివిసీమ అంచున ఉన్న ఘంటసాలదీ అదే స్థితి. టాలెమీ పేర్కొన్న కంటకోస్సిల అదేనని పండితులు గుర్తించినా, దాని స్తూపానికి వార్షికోత్సవం జరిపే తేదీ ఎవరి వద్దా లేదు. బందరులో ఆంగ్ల వర్తకస్థానం ఏర్పడిన 1611కు వెయ్యేళ్లకు పైగా పూర్వమే ఆ తీరాన నౌకలు దిగాయి. ఆ నావికుల రాకపోకలకు దినచర్య రాసినవారెవరూ లేరు.